గాజు పళ్లెంలో కణం, మోకాట్లో కణం



ఈసారి ఆదివారం చిప్పగిరిలో మటన్ అంగడికి పోయినప్పుడు కొట్టేవాణ్ణి ఒక మాట అడిగి చూడండి. "అన్నా, లేత గొర్రెపిల్ల ముందుకాలు ఒకటి తీసుకుని గిట్టల పైన విరిచి చూపించు" అనండి. కత్తి అక్కర్లేదు. రెండు చేతుల్తో పట్టుకుని గట్టిగా ఒక్క విరుపు విరిస్తే చాలు, కీలుకు కొంచెం పైన బొమిక కొన టక్కున ఊడొస్తుంది. ఊడినచోట నున్నగా ఉండదు. చిన్నచిన్న గట్లు, గుంటలు, తడి, ఎర్రటి ఛాయ కనిపిస్తాయి. ముదురు పొట్టేలు కాలు తెచ్చి అదే చోట విరవమంటే ఆయన నవ్వుతాడు. ఆ సందు ఎప్పుడో పూడుకుపోయి గట్టి ఎముకై ఉంటుంది, చేతుల్తో విరిగే పని కాదు. ఇంట్లో లేత కాళ్ల షేర్వా కాచినప్పుడు కూడా బొమిక కొనలు విడిగా ఊడి గిన్నె అడుగున చేరడం ఆడవాళ్లందరూ చూసే ఉంటారు.

ఆ ఊడే చోట ఉన్నదాన్ని డాక్టర్లు గ్రోత్ ప్లేట్ అంటారు. మనం పెరుగుదల పలక అనుకుందాం. అది మృదులాస్థి, అంటే చెవి డొప్పలోనూ ముక్కు కొనలోనూ చేతికి తగిలే మెత్తటి ఎముక జాతిది. పిల్లల్లో తొడ ఎముక, పిక్క ఎముక వంటి పొడుగు ఎముకలకు రెండు కొనల దగ్గరా ఈ పల్చటి పొర ఉంటుంది. పిల్లవాడు పొడుగవుతున్నాడంటే ఈ పొరలు పనిచేస్తున్నాయన్నమాట. ఆడపిల్లల్లో సుమారు 14, 15 ఏళ్లకు, మగపిల్లల్లో 16, 17 ఏళ్లకు అవి ఎముకగా మారి మూసుకుపోతాయి. ఆ తర్వాత ఏం తిన్నా ఏం తాగినా కాళ్లు పొడుగు కావు.

ఇవాళ చెప్పబోయేది ఆ పొరలో ఉండే కణాల సంగతి. ఒంట్లో ఉన్నప్పుడు అవి ఎట్లా ఉంటాయి, బయటికి తీసి ల్యాబులో పెంచితే ఏమవుతాయి, ఆ తేడా ఎంత దూరం పోతుంది అన్నది. కణాల ముచ్చట మనకెందుకులే అని రేడియో కట్టేయకండి. ఈ కథ మన జొన్నరొట్టె దాకా, మన బోరు నీళ్ల దాకా వస్తుంది.

ఎముక నడుమ పెరగదు, కొనల దగ్గరే పెరుగుతుందని మొదట చూపించినవాళ్లలో స్టీఫెన్ హేల్స్ ఒకడు. ఇంగ్లండులో పాదిరి. ఎదుగుతున్న కోడిపిల్ల కాలి ఎముకకు అర అంగుళం ఎడంగా రెండు చిల్లులు పొడిచాడు. రెండు నెలల తర్వాత కోసి చూశాడు. ఎముక అంగుళం పొడుగైంది గానీ చిల్లుల మధ్య ఎడం మాత్రం అర అంగుళం దగ్గరే ఉంది. 1727లో అచ్చయిన పుస్తకంలో ఆయన ఇది రాశాడు. మైక్రోస్కోపు కూడా లేకుండా తేలిపోయిన సంగతి ఇది.

మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ఆ పొర మన ఇళ్లల్లో పేర్చిపెట్టిన జొన్నరొట్టెల దొంతర లెక్కన ఉంటుంది. ఎముక కొన వైపు అక్కడొకటి ఇక్కడొకటి గుండ్రటి కణాలు పనిలేకుండా ఉంటాయి. వాటి కింద కణాలు పల్చగా, బిళ్లలుగా, ఒకదాని మీద ఒకటి నిలువు వరసల్లో పేర్చుకుని ఉంటాయి. ఈ పేర్చుకున్నవే విభజన చెంది సంఖ్య పెంచుతాయి. ఇంకా కిందికి వస్తే రొట్టె పొంగినట్టు ఒక్కొక్క కణం పొంగుతుంది. దాని ఘనపరిమాణం పది రెట్ల దాకా పెరుగుతుంది. ఎముక పొడుగులో పెద్ద పాలు కణాల సంఖ్య పెరగడం వల్ల కాదు, ఈ పొంగు వల్లే వస్తుంది. పొంగిన కణాల చుట్టూ సున్నం పేరుకుంటుంది, రక్తనాళాలు చొరబడతాయి, అక్కడ ఎముక పడుతుంది. ఈ పని అన్నిచోట్లా ఒకే వేగంతో సాగదు. మోకాలికి పైనున్న తొడ ఎముక కొన ఏడాదికి సుమారు 9 మిల్లీమీటర్లు పెరిగితే, మోకాలికి కిందున్న పిక్క ఎముక కొన 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాళ్ల పెరుగుదలలో ఎక్కువ భాగం మోకాలి చుట్టూనే జరుగుతుంది. పెరిగే వయసులో ఏదైనా చెడు తగిలితే ముందు మోకాళ్లలో కనిపించడానికి కారణం ఇదే. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

శాస్త్రజ్ఞులకు ఒక ఇబ్బంది ఉంది. బతికున్న పిల్లల మోకాట్లోకి తొంగిచూడలేరు. అందుకని కోడిపిల్ల నుంచో ఎలుక నుంచో ఈ పొరను తీసి, కణాల చుట్టూ ఉండే గట్టి జిగురు పదార్థాన్ని ఎంజైములతో కరిగించి, ఒక్కొక్క కణాన్నీ విడదీస్తారు. వాటిని గాజు పళ్లెంలోనో ప్లాస్టిక్ పళ్లెంలోనో వేసి, చక్కెర, అమైనో ఆమ్లాలు, దూడ పిండం రక్తం నుంచి తీసిన సీరం కలిపిన ద్రవం పోసి, 37 డిగ్రీల వెచ్చదనంలో పెడతారు. దీన్నే కల్చర్ అంటారు.

పళ్లెంలో పడ్డ కణం ఏం చేస్తుంది? మొదట గుండ్రంగానే ఉంటుంది. తర్వాత అడుక్కి అంటుకుంటుంది. కాళ్లూ చేతులూ చాచినట్టు సాగుతుంది. గబగబా విభజన చెందుతుంది. చూసేవాళ్లకు సంబరంగానే ఉంటుంది, ఎందుకంటే ఒంట్లో ఉన్నప్పటి కంటే జోరుగా పెరుగుతోంది. కానీ అది తయారుచేసే సరుకు మారిపోతుంది. మృదులాస్థికి ప్రాణం రెండో రకం కొల్లాజెన్ అనే పీచు, దానితోపాటు నీటిని పట్టి ఉంచే ఆగ్రికాన్ అనే పదార్థం. వారాలు గడిచేకొద్దీ పళ్లెంలోని కణం వాటిని మానేసి, చర్మంలోనూ స్నాయువుల్లోనూ ఉండే మొదటి రకం కొల్లాజెన్ తయారుచేయడం మొదలుపెడుతుంది. కోడిపిల్ల మృదులాస్థి కణాలు ఇట్లా తమ గుణం పోగొట్టుకుంటాయని హోల్ట్‌జర్, ఆయన సహచరులు 1960లోనే రాశారు. అంటే పళ్లెంలో లక్షలుగా పెరిగింది మృదులాస్థి కణం అనుకుని దాని మీద మందు పరీక్షిస్తే, ఆ పరీక్ష జరిగేది ఇంకొక కణం మీద.

కణం గుణం శాశ్వతంగా పోయిందా? 1982లో బెన్యా, షాఫర్ అనే ఇద్దరు అట్లా గుణం పోగొట్టుకున్న కణాలను పళ్లెం అడుగు నుంచి లేపి, అగరోజ్ అనే మెత్తటి జెల్లీలో విడివిడిగా ఉంచారు. కణాలు మళ్లీ గుండ్రమయ్యాయి. రెండో రకం కొల్లాజెన్ మళ్లీ మొదలైంది. నాకు ఈ ప్రయోగం చాలా ఇష్టం. ఒక్క రసాయనం కలపలేదు, కణాన్ని పరచుకోనీయకుండా గుండ్రంగా ఉండనిచ్చారంతే. కణం ఆకారానికీ అది చేసే పనికీ ఇంత సంబంధం ఉందని అంతకు ముందు గట్టిగా అన్నవాళ్లు తక్కువ.

జెల్లీలో పెట్టినా ఒంట్లో ఉన్నట్టు కాదు. మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవు. నడుమ ఉన్న కణాలకు ప్రాణవాయువు చాలా తక్కువగా అందుతుంది, అవి ఆ కొరతకు అలవాటు పడ్డవి. ఆ కొరతను తట్టుకోవడానికి తోడ్పడే జన్యువును మృదులాస్థిలో లేకుండా చేసిన ఎలుకల్లో పెరుగుదల పలక నడుమ కణాలు చచ్చిపోయాయని 2001లో తేలింది. పళ్లెం మీద ఉన్న గాలిలో మాత్రం నూటికి 20 పాళ్ల ప్రాణవాయువు. చేపను గట్టున వేసి ఎట్లా ఈదుతుందో చూస్తామనే వాళ్లను ఏమంటాం?

దిక్కు సంగతి ఇంకా విచిత్రం. దొంతరలో ఒక కణం రెండైనప్పుడు ఆ రెండూ మొదట పక్కపక్కన పడతాయి. ఆ తర్వాత ఒకటి మెల్లగా జరిగి రెండోదాని మీదికో కిందికో చేరుతుంది. దీన్ని డాడ్స్ అనే ఆయన 1930లోనే గమనించాడు. కణం పక్కకే ఉండిపోతే ఎముక లావవుతుంది, పొడుగు కాదు. పళ్లెంలో కణానికి ఏది పైన, ఏది కింద? చెప్పేవాళ్లు లేరు. అది నాలుగు దిక్కులకూ పాకుతుంది.

దూరాన ఉన్న కణాలు మాట్లాడుకుంటాయి కూడా. పొంగబోయే కణాలు ఒక సంకేతం పంపితే, ఎముక కొనలో ఉన్న కణాలు దానికి బదులుగా ఇంకొక సంకేతం పంపి "తొందరపడొద్దు, ఇంకాస్త ఆగి పొంగండి" అని ఆపుతాయి. 1996లో బయటపడిన ఈ సంభాషణ సాగాలంటే ఆ రెండు గుంపుల మధ్య తగినంత దూరం ఉండాలి. కణాలను విడదీసి కలగలిపితే ఆ దూరమే ఉండదు.

అందుకే కొందరు మధ్యేమార్గం పట్టారు. కేంబ్రిడ్జిలోని స్ట్రేంజ్‌వేస్ ల్యాబులో ఆనర్ ఫెల్ అనే శాస్త్రజ్ఞురాలు, రాబిసన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడితో కలిసి, కోడి పిండం తొడ ఎముకను కణాలుగా విడగొట్టకుండా మొత్తంగా తీసి పెంచి, అది బయట కూడా తన ఆకారంలోనే ఎదుగుతుందని 1929లో చూపించింది. కణాలను విడదీసి పెంచడం కంటే ఇది సత్యానికి దగ్గర. కానీ అందులోనూ రక్తం పారదు, ఒంటి బరువు పడదు.

ఈ తేడా ఎంత పెద్ద చిక్కు తెస్తుందో చూపడానికి రెండు కథలు చెబుతాను. ఒకటి పొడుగు పెంచే హార్మోన్‌ది. రెండోది మన నీళ్లది.

మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే గ్రోత్ హార్మోన్ లేకపోతే పిల్లలు పెరగరని ముందే తెలుసు. అది మృదులాస్థి మీద నేరుగా పనిచేస్తుందా? 1957లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో సామన్, డాహడే దీన్ని పరీక్షించారు. పిట్యూటరీ తీసేసిన ఎలుకల పక్కటెముకల మృదులాస్థి ముక్కలను గాజు సీసాల్లో వేసి, అవి గంధకాన్ని ఎంత పీల్చుకుంటున్నాయో కొలిచారు. మృదులాస్థి పని చేస్తుంటే గంధకం పీల్చుకుంటుంది. సీసాలో నేరుగా హార్మోన్ వేస్తే దాదాపు ఏమీ జరగలేదు. మామూలు ఎలుక సీరం వేస్తే బాగా పీల్చుకుంది. పిట్యూటరీ తీసేసిన ఎలుక సీరం వేస్తే లేదు. అదే ఎలుకకు హార్మోన్ సూది వేసి, తర్వాత దాని సీరం తీసి వేస్తే మళ్లీ పనిచేసింది! అంటే హార్మోన్‌కూ మృదులాస్థికీ నడుమ రక్తంలో ఇంకొకరెవరో ఉన్నారు. ఇంత శుభ్రమైన తర్కం ఉన్న ప్రయోగాలు అరుదు. ఆ నడిమి పదార్థమే తర్వాత ఇన్సులిన్ వంటి పెరుగుదల కారకం అని, పొట్టిగా ఐజీఎఫ్-1 అని పేరు తెచ్చుకుంది. అది ముఖ్యంగా కాలేయంలో తయారవుతుంది. ఇవాళ పిల్లలు ఎదగకపోతే డాక్టర్లు రాసే రక్తపరీక్షల్లో అది కూడా ఉంటుంది.

దీంతో పాఠ్యపుస్తకాల్లో ఒక మాట స్థిరపడింది: గ్రోత్ హార్మోన్ మృదులాస్థిని నేరుగా ముట్టుకోదు, కాలేయం ద్వారానే పని నడిపిస్తుంది. పాతికేళ్లు గడిచాయి. 1982లో స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్‌లో ఇసాక్సన్ బృందం చాలా మామూలు పని ఒకటి చేసింది. పిట్యూటరీ తీసేసిన ఎలుకకు ఒక కాలి పెరుగుదల పలకలో మాత్రమే కొంచెం హార్మోన్ సూది వేశారు. రెండో కాలికి వేయలేదు. కాలేయం ద్వారానే పని జరిగేదైతే రెండు కాళ్లూ సమానంగా పెరగాలి. సూది వేసిన కాలే ఎక్కువ పెరిగింది. 1999లో కాలేయంలో ఐజీఎఫ్-1 తయారు కాకుండా చేసిన ఎలుకలు, రక్తంలో ఆ పదార్థం బాగా పడిపోయినా, దాదాపు మామూలుగానే పెరిగాయి. పెరుగుదల పలక తన ఐజీఎఫ్‌ను తానే తయారుచేసుకోగలదు.

సీసా తప్పు చెప్పిందని అనను. ఐజీఎఫ్‌ను పట్టిచ్చింది సీసానే. అయితే "హార్మోన్ నేరుగా పనిచేయదు" అన్న మాట చెప్పే అర్హత దానికి లేదు. పళ్లెంలో "కాదు" అని వచ్చిన జవాబును అనుమానించాలని నేను అనుకునేది ఇందుకే. మరి "అవును" అని వస్తే నమ్మవచ్చా?

రెండో కథ దానికే.

1937లో నెల్లూరు జిల్లాలో నడుము బిగుసుకుపోయి, వంగలేక, మెడ తిప్పలేక బాధపడుతున్న పల్లెవాసులను షార్ట్, పండిట్, రాఘవాచారి పరీక్షించి, దానికి కారణం తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ అని రాశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి అచ్చయిన తొలి వివరాల్లో అది ముఖ్యమైనది. ఆ తర్వాత నల్గొండ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ అక్కడి పల్లెల్లో ఇంకొక రూపాన్ని చూసింది. కుర్రవాళ్ల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, పాదాలు ఎడమవుతున్నాయి. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో దీన్ని వివరించారు. వాళ్ల ఎక్స్‌రేల్లో తేలిన సంగతి వింటే ఆశ్చర్యం వేస్తుంది. వెన్నెముక గట్టిపడి తెల్లగా కనిపిస్తోంది, అదే మనిషి కాళ్ల ఎముకలు మాత్రం గుల్లబారి ఉన్నాయి. ఒకే నీళ్లు, ఒకే ఒళ్లు, రెండు చోట్ల రెండు ఎదురెదురు ఫలితాలు.

ఇప్పుడు పళ్లెం దగ్గరికి రండి. 1983లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఎముక కట్టే కణాలను పళ్లెంలో పెంచి, కొంచెం ఫ్లోరైడ్ కలిపితే, అవి ఎక్కువగా విభజన చెందాయి, ఎముక కట్టడానికి గుర్తైన ఎంజైము కూడా పెరిగింది. ఇవి మృదులాస్థి కణాలు కావు, దాని పక్కనే ఎముక కట్టే కణాలు. జవాబు మాత్రం చాలా స్పష్టమైన "అవును". ముసలితనంలో ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లకు ఫ్లోరైడ్‌ను మందుగా కొందరు డాక్టర్లు అంతకు ముందు నుంచే ఇస్తున్నారు, దానికి ఇది మంచి దన్నయింది.

అమెరికాలోని మేయో క్లినిక్‌లో 202 మంది ఆడవాళ్ల మీద నాలుగేళ్లు పరీక్ష చేసి 1990లో ఫలితం ప్రకటించారు. రోజూ 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ తీసుకున్నవాళ్ల నడుము ఎముక సాంద్రత 35 శాతం పెరిగింది. పళ్లెం చెప్పింది నిజమేనా? అక్కడి దాకా నిజమే. కానీ వెన్నుపూసలు విరగడం తగ్గలేదు. వెన్ను కాక మిగతా ఎముకలు విరగడం లెక్కపెడితే, మందు తీసుకోనివాళ్లలో 24, తీసుకున్నవాళ్లలో 72. ఎముక ఎక్కువైంది, బలం తక్కువైంది. ఆ వైద్యం అక్కడితో వెనక్కి తగ్గింది.

ఆ డాక్టర్లను పదేళ్ల ముందే నల్గొండ బస్సెక్కించి ఉంటే, ఆ పల్లెల్లో నడుము బిగుసుకుపోయినవాళ్ల పక్కన కాసేపు కూర్చోబెట్టి ఉంటే, ఇంత ఖర్చు అయ్యేది కాదని నాకు అనిపిస్తుంది. గట్టిపడ్డ ఎముక మంచి ఎముక కాదని ఆ పల్లెల్లో చదువు రానివాళ్లకు కూడా ఒళ్లు చెప్పింది.

నల్గొండ పిల్లల మోకాళ్ల దగ్గర ఇంకా కొంచెం ఆగాలి, ఎందుకంటే మన వైపు జొన్న అక్కడికి వస్తుంది. ఒకే మోతాదు ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగినా అందరికీ మోకాళ్లు వంగలేదు. బియ్యం తినేవాళ్లనూ జొన్న తినేవాళ్లనూ పోల్చి చూస్తే, జొన్న తిన్నప్పుడు ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలిచిపోతోందని 1977లో పోషకాహార సంస్థవాళ్లే చూపించారు. మోకాళ్లు వంగిన ఊళ్ల జొన్నల్లో మాలిబ్డినం ఎక్కువగా ఉందని, దానివల్ల ఒంట్లో రాగి తగ్గి ఎముకకు దెబ్బ తగులుతోందేమోనని కూడా అనుమానించారు. ఎముక పీచులు ఒకదానితో ఒకటి గట్టిగా అల్లుకోవాలంటే రాగి కావాలి. నాగార్జునసాగర్ కట్టాక భూమిలో నీటిమట్టం పెరిగి, నేల గుణం మారి, పంటలో ఈ లోహాల పాళ్లు మారాయా అన్న ప్రశ్న కూడా ఆ రోజుల్లో గట్టిగానే లేచింది.

ఒక్కసారి ఆలోచించండి. డ్యాము, నేల, జొన్న, రాగి, నీళ్లు, కుర్రవాడి ఒంటి బరువు, అతని వయసు, ఇవన్నీ కలిసి వచ్చి మోకాలి పలక మీద పడ్డాయి. పళ్లెంలో ఉన్నదేమో ఒక కణం, ఒక చుక్క ఫ్లోరైడ్.

ఇది విని రేపటి నుంచి జొన్నరొట్టె మానేయమని ఎవరూ ఇంట్లో చెప్పకండి, నేను జొన్న పక్షం. దోషం నీళ్లది. మన కర్నూలు, అనంతపురం జిల్లాల్లో కూడా కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ హద్దు దాటి ఉంటుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన ప్రమాణం. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో పరీక్ష చేస్తారు, మీ బోరు నీళ్లు సీసాలో పట్టించి ఇప్పించండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతి ఒకటి ఉంది. కాలువ నీరో వాన నీరో దొరికితే తాగడానికి అది వేరు చేసుకోవడం అన్నిటికంటే తేలిక.

ఎండకు కొదవ లేని ఊరు మనది, డి విటమిన్ గురించి ఎక్కువ చెప్పను. ఒక్క సంగతి. పళ్లెంలో మృదులాస్థి కణానికి డి విటమిన్ వేస్తే అది స్పందిస్తుంది. దాంతో ఆ విటమిన్ నేరుగా పెరుగుదల పలకకే కావాలేమో అనిపిస్తుంది. డి విటమిన్‌ను అందుకునే శక్తే లేకుండా పుట్టించిన ఎలుకలకు రికెట్స్, అంటే ఎముకలు మెత్తబడి వంగే జబ్బు, వచ్చింది నిజమే. కానీ వాటికి చిన్నప్పటి నుంచి కాల్షియం, భాస్వరం దండిగా పెడితే పలకలు మామూలుగానే ఎదిగాయి. అంటే ఆ విటమిన్ చేసే పెద్ద పని పేగుల్లో ఉంది. పేగు లేని పళ్లెం ఆ సంగతి ఎట్లా చెబుతుంది?

ఆదోనిలోనో గుంతకల్లులోనో మందుల అంగళ్లలో ఎత్తు పెంచే పొడులు డబ్బాల్లో కనిపిస్తుంటాయి. డబ్బా మీద ల్యాబులో రుజువైందని రాసి ఉంటుంది. అది రాసినవాడు నిజమే రాసి ఉండొచ్చు. పళ్లెంలో కణాలు రెట్టింపయ్యే ఉంటాయి. పళ్లెంలో వేసిన మృదులాస్థి కణం మామూలుగానే రెట్టింపవుతుందని, అట్లా అయ్యేకొద్దీ మృదులాస్థి గుణం పోగొట్టుకుంటుందని ఇప్పుడు మీకు తెలుసు. పిల్లవాడు నిజంగా ఎదగడం లేదనిపిస్తే డబ్బా కొనే డబ్బుతో ముందు ఎత్తు కొలిపించండి, ఆరు నెలల తర్వాత మళ్లీ కొలిపించండి. ఆ రెండు అంకెలూ డాక్టరుకు డబ్బా కంటే ఎక్కువ చెబుతాయి.

ఇంతకీ పళ్లెంలో అసలు లేని ఇంకొక సంగతి ఉంది, ఒత్తిడి. పెరుగుదల పలక మీద ఒక పక్క ఎక్కువ నొక్కు పడితే ఆ పక్క పెరుగుదల తగ్గుతుంది. 19వ శతాబ్దంలో హ్యూటర్, ఫోక్మన్ అనే జర్మన్ డాక్టర్లు గమనించిన ఈ సూత్రం ఇవాళ మోకాళ్లు వంగిన పిల్లలకు వైద్యంగా పనికొస్తోంది. 1949లో బ్లౌంట్ అనే అమెరికన్ డాక్టరు పలకకు ఒక పక్క గట్టి స్టేపుల్స్ కొట్టి ఆ పక్క పెరుగుదలను ఆపి, రెండో పక్కను పెరగనిచ్చి, కాలిని నిటారు చేశాడు. ఇప్పుడు రెండు స్క్రూలతో ఒక చిన్న లోహపు పట్టీ బిగిస్తున్నారు. లోపలికి వంగిన మోకాలైతే లోపలి పక్క బిగిస్తారు. ఎముక కోయరు. బయటి పక్క పెరుగుతూ పోతుంటే నెలల్లో కాలు తనంతట తానే చక్కబడుతుంది. అప్పుడు పట్టీ తీసేస్తారు. కాలిని చక్కబరిచేది ఆ పొంగే కణాలే, డాక్టరు చేసేది ఒక పక్క ఆపడమే.

మూడు, నాలుగేళ్ల పిల్లల మోకాళ్లు కొంచెం లోపలికి ఉండడం మామూలే, ఏడేళ్లకల్లా చాలామందికి సర్దుకుంటుంది. ఏడేళ్లు దాటినా ఇంకా వంగే ఉంటే, లేదా ఒక కాలు మాత్రమే వంగుతుంటే, లేదా ఉన్న వంపు ఏటేటా ఎక్కువవుతుంటే, ఎముకల డాక్టరుకు చూపించి, నిలబెట్టి రెండు కాళ్లకూ ఎక్స్‌రే తీయించండి. పలకలు తెరిచి ఉన్నప్పుడైతే చిన్న పట్టీతో పోతుంది. మూసుకుపోయాక పోతే ఎముక కోసి, మేకులు వేసి సరిచేయాల్సి వస్తుంది.